నేటి ఘడియ – భక్త అగస్టీను జీవితము

ధ్యాన భాగములు: నిర్గమకాండము 8:8–10, రోమీయులకు 13:11–14, హెబ్రీయులకు 3:7–15



ఐగుప్తు దేశమంతట కప్పలు నిండియున్న దినములలో ఫరో మోషేను పిలిపించి, వాటిని తొలగించుటకు దేవుని వేడుకొనుమని అడిగెను. ఎప్పుడు వేడుకొనవలెనో నీవే నిర్ణయించుమని మోషే ఆ రాజునకే వదలెను. పడకమీద కప్పలు, పొయ్యిలో కప్పలు, పిండి పిసుకు తొట్టిలో కప్పలు. అట్టి సమయములో ఇప్పుడే అని అడుగవలసినవాడు, రేపు అని కోరెను. ఇంకొక రాత్రి కప్పలతో పండుకొనుటకు అతడు ఒప్పుకొనెను. ఈ మాట చదివినప్పుడెల్ల మనకు నవ్వు వచ్చును. అయితే మన ఇండ్లలోని కప్పల సంగతి ఏమి?

వికారాబాదునకును తాండూరునకును నడుమనున్న మన పల్లెలలో రేపు అను మాట వినబడని ఇల్లు లేదు. చేను గట్టు విషయమై తమ్మునితో మాట మానివేసిన అన్న, కంది కోత అయిన తరువాత మాటలాడెదననును. త్రాగుడు విడువవలెనని ఎరిగినవాడు, ధారూరు జాతర వెళ్లనిమ్మనును. బాప్తిస్మము పొందవలెనని మనస్సు కలిగినవాడు, పిల్ల పెండ్లి కానిమ్మనును. కోత వచ్చును, జాతర వచ్చును, పెండ్లియు అగును. రేపు మాత్రము ఇంకను రేపుగానే యుండును.

ఈ నెల మేము మీ ముందు ఉంచుచున్నది ఇట్టి మనిషి యొక్క జీవితము. పండ్రెండు ఏండ్లకు పైగా రేపు అనుచు గడిపి, ఒక మధ్యాహ్నపు వేళ తోటలో నేడు అను పిలుపు వినినవాడు అతడు. పిమ్మట, నేడు అనగా ఏమి, ఈ ఘడియ అనగా ఏమి అని లోకములో ఎవరును అంతకు ముందు అడుగనంత లోతుగా అడిగినవాడును అతడే. అతడే హిప్పో పట్టణపు అధ్యక్షుడైన భక్త అగస్టీను. మనము అతనికి ప్రార్థింపము. అయినను అతనియొద్ద నేర్చుకొనవలసినది కలదు.

బాల్యము, యౌవనము

క్రీస్తు శకము 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే అను చిన్న పట్టణమందు అగస్టీను పుట్టెను. ఆ స్థలము ఇప్పటి అల్జీరియా దేశములో ఉన్నది. తండ్రి పత్రీకియు కొద్దిపాటి భూమి గలవాడు, కోపిష్ఠి. చాలా కాలము క్రీస్తు నెరుగక యుండి తన చివరి దినములలో బాప్తిస్మము పొందెను. తల్లి మోనికా భక్తురాలు. కుమారుని నిమిత్తము ఆమె కార్చిన కన్నీళ్లు సంఘ చరిత్రలో ప్రసిద్ధమైనవి.

పిల్లవాడు చదువులో చురుకైనవాడు. అయితే పదునారవ ఏట తండ్రియొద్ద రూకలు చాలక ఒక సంవత్సరము చదువు మాని ఇంటియొద్ద ఉండవలసి వచ్చెను. పిల్లల ఫీజుల కొరకు అప్పు చేసిన మన తలిదండ్రులకు ఈ కష్టము తెలియనిది కాదు. పనిలేని ఆ సంవత్సరములో అతడు తోటివారితో కూడి ఒక రాత్రి పొరుగువాని చెట్టునుండి పండ్లు దొంగిలించెను. ఆకలికి కాదు, చాలమట్టుకు పందులకు పారవేసిరి. చేయకూడదను నిషేధమే వారికి రుచి ఆయెను. ఎన్నో సంవత్సరముల తరువాత తన పాపములను వ్రాసికొనునప్పుడు అగస్టీను ఈ చిన్న దొంగతనమును మరువలేదు.

తరువాత కార్తేజి అను గొప్ప పట్టణమునకు చదువునకై వెళ్లెను. అక్కడ వివాహము లేకయే ఒక స్త్రీతో కాపురము చేసెను. వారికి ఒక కుమారుడు కలిగెను. వానికి దేవుడిచ్చినవాడను అర్థము వచ్చు అదియోదాతు అను పేరు పెట్టిరి. అది మనలో దేవదానము అను పేరు వంటిది.

పందొమ్మిదవ ఏట అతడు రోమా పండితుడైన సిసెరో వ్రాసిన ఒక గ్రంథము చదివెను. జ్ఞానమును వెదకవలెనను ఆశ అప్పుడు అతని హృదయములో రగిలెను. ఆ దినముననే లేచి దేవునియొద్దకు వచ్చియుండినయెడల ఎంత బాగుండును! రాలేదు. వేదగ్రంథమును తెరచి చూచి, దాని భాష సామాన్యముగా ఉన్నదని మూసివేసెను. వెలుగునకు ఒక దేవుడు, చీకటికి ఒక శక్తి కలవని బోధించు మానీ మతస్థులలో చేరి తొమ్మిదేండ్లు వారివెంట తిరిగెను. తన యౌవనములో అతడు పవిత్రతను దయచేయుమని దేవుని వేడుకొనుచు, అయితే వెంటనే వద్దని లోలోపల కోరుకొనెడివాడట. ఆ ప్రార్థన విని దేవుడు కోపపడెనో, కనికరించెనో!

రేపు అను రోగము

తగస్తేలో ఉపాధ్యాయుడుగా ఉన్నప్పుడు అతనికి ప్రాణస్నేహితుడొకడు ఉండెను. ఆ యువకునికి జ్వరము వచ్చి స్మారకము తప్పెను. ఇంటివారు అతనికి ఆ స్థితిలోనే బాప్తిస్మము ఇప్పించిరి. తెలివి వచ్చినప్పుడు అగస్టీను ఆ సంగతిని హాస్యము చేసెను. స్నేహితుడు నవ్వలేదు సరిగదా, నా స్నేహము కావలెనన్న అట్టి మాటలు మానుమని గద్దించెను. అగస్టీను తెల్లబోయి, అతడు పూర్తిగా కోలుకొనిన తరువాత ఈ విషయము మాటలాడవచ్చునని ఊరకుండెను. కొన్ని దినములకే జ్వరము తిరుగబెట్టి, అగస్టీను దగ్గర లేని సమయమున ఆ స్నేహితుడు మరణించెను. తరువాత మాటలాడవచ్చునని దాచిన మాట ఇక ఎన్నటికిని పలుకబడలేదు. ఆ దుఃఖము అతనిని ఆ ఊరినుండియే తరిమివేసెను.

383వ సంవత్సరములో అతడు రోమాకు ప్రయాణమాయెను. తల్లి వెంట వచ్చెదనని పట్టుపట్టెను. ఓడ ఇప్పుడే కదలదని ఆమెకు అబద్ధము చెప్పి, రేవు సమీపమందలి మందిరములో ఆమె రాత్రియంతయు ప్రార్థించుచుండగా తాను ఓడ యెక్కి పోయెను. తెల్లవారి ఆమె ఒడ్డున నిలిచి ఏడ్చెను. మరుసటి సంవత్సరము అగస్టీనునకు మిలాను నగరములో గొప్ప ఉద్యోగము దొరకెను. తల్లి సముద్రము దాటి అక్కడికి వచ్చి చేరెను.

మిలానులో అంబ్రోజు అను అధ్యక్షుడు ప్రసంగించుచుండెను. అగస్టీను మొదట అతని వాగ్ధోరణి వినుటకు వెళ్లెను. మెల్లమెల్లగా ఆ మాటల లోపలి సత్యము అతని హృదయములో దిగెను. మానీ మతమును వదలెను. సువార్త సత్యమని ఒప్పుకొనెను. అయినను వచ్చెదను, వచ్చెదను అనుచునే యుండెను. ఇంతలో గొప్పింటి సంబంధము కుదిరినందున, పదునాలుగు పదునైదు ఏండ్లు తనతో ఉన్న ఆ స్త్రీని ఆఫ్రికాకు పంపివేసిరి. మరియొకని ఎరుగనని మ్రొక్కుకొని, కుమారుని విడిచి, ఆమె ఒంటరిగా ఓడ యెక్కెను. భక్తుని జీవితములో ఇది మచ్చ. మేము దానిని కప్పిపుచ్చము, అతడును కప్పిపుచ్చలేదు. ఒకడు రేపు రేపు అనుచుండగా ఇతరుల జీవితములు కూడ విరుగునని అతని కథ మనకు చూపుచున్నది.

తోటలో ఒక మధ్యాహ్నము

386వ సంవత్సరము వేసవి చివర ఒక దినమున ఆఫ్రికా దేశస్థుడొకడు వారి యింటికి వచ్చి, రాజోద్యోగులు ఇద్దరు ఒక భక్తుని జీవితచరిత్ర చదివి ఆ ఘడియలోనే సమస్తము విడిచి ప్రభువును వెంబడించిన సంగతి చెప్పెను. అతడు వెళ్లిన తరువాత అగస్టీను నిలువలేకపోయెను. చదువులేనివారు లేచి పరలోకమును పట్టుకొనుచుండగా, చదివిన మనము బురదలో దొర్లుచున్నామే అని స్నేహితుడైన అలీపియుతో మొరపెట్టి, పెరటి తోటలోనికి పోయెను. ఒక అంజూరపు చెట్టు క్రింద పడి ఏడ్చెను. ఎంత కాలము రేపు అనుచుందును, ఈ ఘడియనే ఏల కాకూడదు అని తనను తాను అడుగుకొనెను.

అప్పుడు ప్రక్క యింటినుండి ఒక బిడ్డ స్వరము వినబడెను. తీసికొని చదువుమని ఆ బిడ్డ పాటవలె మరల మరల పలుకుచుండెను. అది ఆటలోని మాటయో, మరేమో! అగస్టీనునకు మాత్రము దేవుని ఆజ్ఞవలె తోచెను. లేచిపోయి పౌలు పత్రికల గ్రంథము తెరచెను. కంటికి కనబడినది రోమీయులకు 13వ అధ్యాయములోని చివరి వచనములు. త్రాగుడును పోకిరితనమును కలహమును మాని ప్రభువైన యేసుక్రీస్తును ధరించుకొనుమను హెచ్చరిక అది. ఇక ముందుకు చదువలేదు, అవసరము లేకపోయెను. అలీపియు ఆ తరువాతి వచనమును చదివి, విశ్వాసమందు బలహీనుడైనవానిని చేర్చుకొనుమనిన మాట తనకే అని తీసికొనెను. ఇద్దరును లోపలికి వెళ్లి తల్లితో చెప్పిరి. అన్ని యేండ్ల కన్నీళ్లు ఆ సాయంకాలము ఆనందమాయెను.

ఆ ఘడియ పదునాలుగు వందల ఏండ్లకు పైగా దాటి మన సంఘముల వరకు వచ్చినది. అగస్టీను పేరిట ఏర్పడిన సన్యాసుల మఠములోనే మార్టిన్ లూథరు రోమా పత్రికను చదివెను. లూథరు ఆ పత్రికకు వ్రాసిన ముందుమాటను చదువగా వినుచు, 1738 మే 24వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు పావుగంట తక్కువగా జాన్ వెస్లీ హృదయము వెచ్చబడెను. వికారాబాదు, తాండూరు ప్రాంతపు మెథడిస్టు సంఘములు ఆ వెస్లీ పరిచర్య యొక్క కొమ్మలే. ఒకని నేడు ఎంత దూరము పోవునో చూచితిరా!

తల్లి మరణము, కుమారుని మరణము

387వ సంవత్సరము ఈస్టరు రాత్రి అంబ్రోజు చేత అగస్టీను, అతని కుమారుడు, అలీపియు ముగ్గురును బాప్తిస్మము పొందిరి. స్వదేశమునకు తిరిగి పోవుటకై ఓస్తియా రేవునకు వచ్చిరి. అక్కడ ఒక కిటికీయొద్ద తల్లియు కుమారుడును నిలిచి నిత్యజీవమును గూర్చి మాటలాడుకొనుచు, ఒక్క క్షణము ఆ మహిమను తాకినట్లు తమకు తోచెనని అతడు పిమ్మట వ్రాసెను. కొన్ని దినములలోనే తల్లికి జ్వరము వచ్చెను. పెనిమిటి సమాధి ప్రక్కనే తనను పాతిపెట్టవలెనని ఎన్నో యేండ్లుగా కోరినయామె, ఇప్పుడు ఎక్కడనైనను సరే, దేవునికి ఏ స్థలమును దూరము కాదని చెప్పి, ఏబదియారవ ఏట ప్రభువునందు నిద్రించెను.

388లో అగస్టీను ఆఫ్రికాకు చేరెను. కొద్ది కాలములోనే, పదునేడేండ్ల వాడైన కుమారుడును చనిపోయెను. 391లో హిప్పో పట్టణమునకు వెళ్లగా అక్కడి జనులు పట్టుకొని బలవంతముగా అతనికి గురుపట్టము ఇప్పించిరి. కొన్ని యేండ్లకు ఆ పట్టణపు అధ్యక్షుడాయెను. బీదల తగవులు తీర్చుట, ప్రసంగించుట, వ్రాయుట – ఇదియే ముప్పదియైదు ఏండ్ల పని.

ఘడియ అనగా ఏమి?

సుమారు 397వ సంవత్సరమున ఆరంభించి అతడు తన ఒప్పుకోళ్ల గ్రంథమును వ్రాసెను. దానిలో పదునొకండవ భాగము కాలమును గూర్చినది. ఆకాశమును భూమిని సృజింపకముందు దేవుడేమి చేయుచుండెను అని అడుగువారికి, ఇట్టి ప్రశ్నలు వేయువారికొరకు నరకము సిద్ధపరచుచుండెనని ఒకడు హాస్యముగా బదులు చెప్పెనట. అగస్టీను ఆ హాస్యము తనకు వద్దని, తెలియనిది తెలియదనుటయే మేలని చెప్పి, నెమ్మదిగా ఆలోచించెను.

ఆ ఆలోచనను మన వాడుకలో చెప్పుదము. గడచిన కాలము ఇప్పుడు లేదు. రాబోవు కాలము ఇంకను లేదు. ఉన్నది ఇప్పుడు మాత్రమే. ఆ ఇప్పుడు ఎంత పొడవు? ఈ సంవత్సరము అందుమా? అందులో కొన్ని నెలలు పోయినవి, కొన్ని రావలసియున్నవి. ఈ దినము అందుమా? ఉదయము పోయినది, సాయంకాలము రాలేదు. ఈ గంట, ఈ నిమిషము – ఎంత చిన్నగా కోసినను అందులో సగము పోయినది, సగము రాలేదు. చివరకు చేతిలో నిలుచునది ఏమియు లేదు. మరి పాట పొడవుగా ఉన్నది, ప్రసంగము పొడవుగా ఉన్నది అని ఎట్లు కొలుచుచున్నాము?

దీనికి అతడు పాటను సాక్ష్యముగా తెచ్చెను. ఆదివారమున మన మందిరములో తెలిసిన కీర్తన ఎత్తుదుము. పాడకముందు కీర్తన యంతయు మన నిరీక్షణలో ఉండును. పల్లవి పాడగానే అంతవరకు జ్ఞాపకములోనికి పోవును. నోటిలోని మాట మీద మన గమనిక నిలుచును. పాడుకొలది నిరీక్షణ తరుగును, జ్ఞాపకము పెరుగును. చివరి చరణము ముగియగా అంతయు జ్ఞాపకమే. కావున ఆత్మ ఈ ఘడియలోనే మూడు పనులు చేయుచున్నదని అతడు తెలిసికొనెను. పోయినదానిని జ్ఞాపకముతో పట్టుకొనును, ఉన్నదానిని గమనికతో చూచును, రాబోవుదానిని నిరీక్షణతో అందుకొనును. ఒక కీర్తన యెట్లో, ఒక మనిషి బ్రతుకంతయు అట్లే అని అతడు చెప్పెను.

శాస్త్రజ్ఞులు కనుగొనినది

అగస్టీనునకు గడియారము లేదు, ప్రయోగశాల లేదు. మనకు అవి కలవు. అవి ఏమి చెప్పుచున్నవో చూతము.

మన దేశపు గడియారములన్నియు 82½ డిగ్రీల రేఖను బట్టి నడుచుచున్నవి. ఆ రేఖ కాకినాడకు సమీపముగా పోవును. ఈ పద్ధతి 1906లో ఆరంభమైనది. కావున గడియారములో పండ్రెండు కొట్టినప్పుడు వికారాబాదున సూర్యుడు నడినెత్తికి రాడు; సగటున సుమారు 18 నిమిషముల తరువాత వచ్చును. తాండూరున సుమారు 20 నిమిషముల తరువాత. కనుక గడియారము చూపునది మనుష్యులు కలిసి చేసికొనిన ఒప్పందము. రైలు నడుచుటకు, మందిరపు గంట కొట్టుటకు అది చాలును. మన ఆత్మలోని ఘడియను అది కొలువజాలదు.

తాండూరు బండల గనియొద్ద దూరముగా నిలిచి చూడుడి. సుత్తె బండమీద పడుట ముందు కనబడును, శబ్దము తరువాత వినబడును. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును గనుక, 340 మీటర్ల దూరమున ఒక సెకను ఆలస్యము. దగ్గరకు వెళ్లినయెడల దెబ్బయు శబ్దమును ఒక్కసారే అనిపించును. నిజమునకు అప్పుడును స్వల్పమైన తేడా కలదు. మన మెదడు ఆ రెంటిని కలిపి ఒక్క ఘడియగా మనకు ఇచ్చుచున్నది. సూర్యుని వెలుగు మనలను చేరుటకు ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. కావున మనము ఇప్పుడు అని చూచునది ఎప్పుడును కొంత గడచినదే.

ఈ సంగతి తెలియక ఒకడు పని పోగొట్టుకొనెను. వెనుకటి ఖగోళ శాస్త్రజ్ఞులు దూరదర్శినిలో నక్షత్రము తీగను దాటుటను కంటితో చూచుచు, గడియారపు టిక్కుటిక్కును చెవితో వినుచు, రెంటిని జతపరచి కాలము వ్రాసెడివారు. 1796లో ఇంగ్లాండులోని గ్రీనిచ్చి వేధశాల అధికారి మాస్కెలిన్, తన సహాయకుడైన కిన్నెబ్రూకు లెక్కలు తన లెక్కలకంటె సెకనులో ఎనిమిది పదవ వంతులు ఆలస్యముగా ఉన్నవని అతనిని తీసివేసెను. తరువాతి తరములో ప్రష్యా దేశపు బెస్సెలు అనునాయన పరీక్షించి చూడగా, ఇద్దరు శాస్త్రజ్ఞుల ఇప్పుడు ఒకటి కాదనియు, ప్రతివానికి కొంత తేడా ఉండుననియు తేలెను. పాపము, కిన్నెబ్రూకుది సోమరితనము కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు మద్రాసు వేధశాలనుండి చింతామణి రఘునాథాచారి మన తెలంగాణములోని వనపర్తికి వచ్చినప్పుడు, క్షణమును పట్టుకొనుట ఎంత కష్టమో ఆ వృత్తివారందరికి తెలిసియుండెను.

1890లో అమెరికా పండితుడైన విలియం జేమ్సు, మనము అనుభవించు ఇప్పుడు కత్తి అంచువలె సన్ననిది కాదనియు, కూర్చుండుటకు చోటున్న గుర్రపు జీను వంటిదనియు వ్రాసెను. పిమ్మట కొందరు శాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి, మనస్సు ఒక్కసారిగా పట్టుకొనగల ఆ ఇప్పుడు రెండు మూడు సెకనులని లెక్కకట్టిరి. పాటలో ఒక చిన్న పాదము పాడునంత సేపు అది. అగస్టీను ఎంచుకొనిన సాక్ష్యము పాటయే గదా!

ఆ కొద్దిపాటి ఇప్పుడు ఒక్కటే మిగిలినవానికి ఏమగును? అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునికి మూర్ఛరోగము మాన్పుటకు 1953లో మెదడుకు శస్త్రచికిత్స చేసిరి. మూర్ఛలు తగ్గినవి గాని, క్రొత్త సంగతి ఏదియు అతని జ్ఞాపకములో నిలువకపోయెను. ఏండ్ల తరబడి తనను పరీక్షించిన వైద్య పండితురాలు గది విడిచి తిరిగి వచ్చినయెడల ఆమె ఎవరో అతనికి తెలియదు. 2008లో మరణించువరకు, ఏబదియైదు ఏండ్లు అతడు అట్లే బ్రతికెను. మంచివాడు, నెమ్మదిగలవాడు, అతనివలన వైద్యశాస్త్రము ఎంతో నేర్చుకొనెను. జ్ఞాపకము లేని ఇప్పుడు నిలువ నేల లేని ఇల్లు వంటిదని అతని జీవితము చూపినది. వెనుకటిదానిని మరచి ఈ క్షణములోనే బ్రతుకుడని ఊరక బోధించువారు దీనిని ఆలోచింపవలెను.

దీనికి మారుగా మనకు జ్ఞాపకము ఉన్నది, నిరీక్షణ ఉన్నది, గమనికయే లేదు. 2010లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు రెండువేల రెండువందలకు పైగా మనుష్యులను ఫోనుల ద్వారా వేళకాని వేళ అడిగి చూచిరి. మేలుకొనియున్న కాలములో సుమారు 47 శాతము వారి మనస్సు చేయుచున్న పనిమీద లేదు. మనస్సు తిరుగులాడునప్పుడు వారు అంత సంతోషముగాను లేరు. పాదిరిగారు ప్రసంగించుచుండగా మన చేతిలోని సెల్ ఫోను మీదికి దృష్టి ఎన్నిసార్లు పోవునో మనకే తెలియును. విత్తనము పడుటకు ముందే పక్షులు సిద్ధముగా ఉన్నవి.

గొప్ప శాస్త్రజ్ఞుడైన ఐన్‌స్టైను సైతము, ఇప్పుడు అను అనుభవము మనిషికి ఎంతో విశేషమైనదైనను భౌతికశాస్త్రపు లెక్కలలో దానికి చోటు లేదని కార్నాపు అను తత్త్వవేత్తతో చెప్పి విచారపడెనట. లెక్కలలో చోటు లేనిది దేవుని వాక్యములో పుటపుటకు కనబడుచున్నది. మన్నా ఏ దినమునకు ఆ దినమే. జక్కయ్య యింటికి రక్షణ వచ్చినది నేడే. సిలువమీది దొంగకు వాగ్దానము నేటికే. సమయము దొరకినప్పుడు పిలిపింతునని పౌలును పంపివేసిన ఫేలిక్సునకు రక్షణ సమయము దొరకినట్లు మనము చదువము.

చివరి దినములు

410లో రోమా నగరము శత్రువుల చేతిలో కొల్లపోయెను. లోకము అంతమైనదని జనులు ఏడ్చిరి. అగస్టీను ఆ కాలములో దేవుని పట్టణమును గూర్చి పెద్ద గ్రంథమును ఆరంభించెను. మనుష్యుల పట్టణములు లేచును, పడును. దేవుని పట్టణము నిలుచునని అతని బోధ.

430వ సంవత్సరమున వాండలులను జనులు వచ్చి హిప్పో పట్టణమును ముట్టడించిరి. డెబ్బదియైదేండ్ల ముసలివాడైన అధ్యక్షుడు ఆ ముట్టడిలోనే జ్వరముతో పడకపట్టెను. పశ్చాత్తాప కీర్తనలను పెద్ద అక్షరములతో వ్రాయించి పడకకు ఎదురుగా గోడమీద పెట్టించుకొనెను. వైద్యులు వచ్చు వేళ, భోజనము తెచ్చు వేళ తప్ప ఎవరును లోపలికి రావద్దని కోరి, వాటిని చదువుచు కన్నీరు విడుచుచు ప్రార్థించెను. గోడకు ఆవల శత్రువులు. రేపు పట్టణమేమగునో తెలియదు. అతనికి మిగిలినది ఆ ఘడియ మాత్రమే. దానిని దేవుని యెదుట గడిపెను. ఆగస్టు 28న ఆ కీర్తన ముగిసెను.

ఒకప్పుడు స్నేహితునితో తరువాత మాటలాడవచ్చునని ఊరకున్నవాడు, రేవులో తల్లికి అబద్ధము చెప్పి పోయినవాడు, ఇట్లు ముగించెను. దేవుని కృప అతని జ్ఞాపకమును తుడిచివేయలేదు. దానిని ఒప్పుకోలుగా మార్చెను. అతని భయమును నిరీక్షణగా మార్చెను. చెదరిన అతని మనస్సును ఈ ఘడియలో నిలిపెను.

మనము చేయవలసినది

ప్రియులారా, ఈ పత్రికను చదువుట ముగించిన వెంటనే ఒక్క పని చేయుడి. గతములో మీరు ఎవరికి అన్యాయము చేసితిరో జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు చేసిన మేలు ఒకటి జ్ఞాపకము చేసికొనుడి. అది మీ జ్ఞాపకము. క్రీస్తు రాకడను తలంచుడి. అది మీ నిరీక్షణ. ఆ రెంటి నడుమ ఈ ఘడియలో మీ చేతికి వచ్చిన పని ఏదో చూడుడి. అది మీ గమనిక.

అన్నా, గట్టు అవతల తమ్ముని పొలమున్నది. కంది కోతకు ఇంకను దినములున్నవి. తమ్మునికి దినములున్నవో లేవో నీకు తెలియదు. ఈ సాయంకాలమే లేచి వెళ్లుము. అమ్మా, కోడలితో మాటలాడక వారము గడిచినది గదా, పొయ్యిమీది అన్నము దిగకముందే పిలువుము. తమ్ముడా, కల్లు దుకాణము నేటి రాత్రియు తెరచియుండును; ప్రభువు తలుపును నేడే తెరచియున్నది.

రేపు కూడ కప్పలతోనే పండుకొనుటకు మనము ఫరో సంతతివారము కాము.

ప్రార్థన: కాలములకు కర్తవైన ప్రభువా, పోయిన మా దినములను క్షమించుము. రాబోవు దినములను నీ చేతికి అప్పగించుచున్నాము. ఈ ఘడియలో నీ స్వరము వినుటకు మా చెవిని, లోబడుటకు మా కాళ్లను సిద్ధపరచుము. విరిగిన బంధములను నేడే కట్టుటకు మాకు ధైర్యమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.